ఏటీఎంలలో ఎక్కువ విసిగించేది ఏంటి, డిజైన్‌లో ఏం మారిస్తే బాగుంటుంది?

నా వరకు అన్నిటికంటే చిరాకు, క్యాష్ లేదన్న సంగతి మెషిన్ చివర్లో చెప్పడం. కార్డు పెట్టి, భాష ఎంచుకుని, పిన్ కొట్టి, సేవింగ్సా కరెంటా అంటే అదీ చెప్పి, అమౌంట్ కొట్టాక అప్పుడు లేదంటుంది, వెనక లైన్లో ఉన్నవాళ్ళు కూడా మళ్ళీ అదంతా చేయాల్సిందే. లోపల ఏ క్యాసెట్లో, అంటే నోట్లు పెట్టే పెట్టెలో, ఏ నోట్లు ఉన్నాయో మెషిన్‌కి తెలుసు కదా, "ఇప్పుడు 500 నోట్లు మాత్రమే" అని మొదటి స్క్రీన్ మీదే పెద్దక్షరాల్లో చూపిస్తే చాలు. 2026 మార్చి 31 కల్లా 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ నుంచి 100 లేదా 200 నోట్లు రావాలని ఆర్‌బీఐ 2025లో చెప్పింది, చాలా మంచి పని, కానీ అవి ఏ మెషిన్లో వస్తాయో లోపలికి వెళ్ళకముందే తెలియాలి.

కార్డు మర్చిపోవడం ఇంకోటి. మనం వెళ్ళేది డబ్బు కోసం, అది చేతికి రాగానే పనైపోయిందని కదిలిపోతాం. అందుకే ముందు కార్డు తీసుకోనిచ్చి, తీశాకే నోట్లు వదిలే పద్ధతి అన్నిచోట్లా ఉండాలి.

ఇక డబ్బు రాకుండా అకౌంట్లో కట్ అయితే, 2019 ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఆ రోజు తర్వాత 5 రోజుల్లోపు బ్యాంకే తిరిగి వేయాలి, దాటితే రోజుకి 100 రూపాయలు అదనంగా ఇవ్వాలి. ఫెయిలైన వెంటనే ఈ మాట తెలుగులో స్క్రీన్ మీద, స్లిప్ మీద వస్తే పెద్దవాళ్ళు అంత కంగారుపడరు.