ఎక్సెల్‌లో సొంత మెనూ పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ మాక్రోలు (ఎక్సెల్ చేత పనులు చేయించే చిన్న ప్రోగ్రాములు) పన్నెండు దాకా పెరిగాయనీ, వాటిని నడపాలంటే మీ ఆఫీసులో ప్రతివాళ్లూ ఆల్ట్, ఎఫ్8 నొక్కి ఆ జాబితాలో పేరు వెతుక్కోవలసి వస్తోందనీ, అందుకని ఎక్సెల్‌లో సొంతంగా ఒక మెనూ చేర్చాలనుకుంటున్నావనీ రాశావు. చాలా మంచి ఆలోచన. మాక్రో పేరు రాసినవాళ్లకు గుర్తుంటుంది గాని, దాన్ని వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాలని కోరడం న్యాయం కాదు. అయితే మెనూ చేర్చే కోడ్ పది పన్నెండు వరుసల్లో అయిపోతుంది. చేర్చినదాన్ని అనుకున్న సమయానికి, పక్కవాటిని కదపకుండా తీసేసే కోడ్ దగ్గరే చాలామంది తప్పుతారు. నేనూ అక్కడే తప్పాను కాబట్టి, ఆ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మెనూ ఎక్కడ పెట్టాలో తేల్చుకో. మెనూలను కోడ్‌తో మార్చడానికి ఆఫీస్ 97తో వచ్చిన కమాండ్‌బార్స్ పద్ధతిలో పాతకాలపు కోడ్ అంతా పై మెనూ బార్ మీద, అంటే ఫైల్, ఎడిట్ వరుసలో, కొత్త మెనూ చేర్చేది. 2007లో, పైన ట్యాబ్‌లుగా కనిపించే రిబ్బన్ వచ్చాక ఆ కోడ్ పనిచేయడం మానలేదు గాని, మెనూ మాత్రం యాడ్-ఇన్స్ అనే ట్యాబ్‌లోకి వెళ్లిపోయింది. పాత పుస్తకంలోని కోడ్ యథాతథంగా ఎక్కించి, మెనూ రాలేదని కంగారు పడేవాళ్లు ఆ ట్యాబ్ తెరిచి చూడరు. రిబ్బన్ మీద నీదంటూ ఒక ట్యాబ్ కావాలంటే దాని వివరాలను ఎక్స్ఎంఎల్ అనే గుర్తుల భాషలో రాసి ఫైల్ లోపల పొందుపరచాలి. అది వేరే చదువు. సెల్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూ మాత్రం ఇప్పటికీ కమాండ్‌బార్స్ మాటే వింటుంది, దాని పేరు కూడా సెల్ అనే. నువ్వు చెప్పిన మాక్రోల్లో ఎక్కువ భాగం ఎంచుకున్న సెల్స్ మీద పనిచేసేవే కాబట్టి, వాటికి తగిన చోటు అదేనని నా అభిప్రాయం. ఒక్కటి గుర్తుంచుకో: టేబుల్‌గా మార్చిన గడుల మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చేది సెల్ మెనూ కాదు, లిస్ట్ రేంజ్ పాపప్ అనే వేరే మెనూ. మీ షీట్లలో టేబుళ్లుంటే రెండింటిలోనూ చేర్చాలి.

ఇక కోడ్. ఆల్ట్, ఎఫ్11 నొక్కి ఎడిటర్ తెరిచి, కొత్త మాడ్యూల్‌లో (కోడ్ రాసే పుటలో) రెండు ప్రొసీజర్లు, అంటే పేరు పెట్టి పిలవగల కోడ్ ముక్కలు, రాయి: ఒకటి మెనూ పెట్టేది, రెండోది తీసేది. పెట్టే ప్రొసీజర్‌లో మొట్టమొదటి వరుసే తీసే ప్రొసీజర్‌ను పిలవాలి. అలా చేస్తే అది ఎన్నిసార్లు నడిచినా మెనూ ఒక్కటే ఉంటుంది. తరువాత సెల్ బార్‌కు, అంటే ఆ రైట్ క్లిక్ మెనూకు, కంట్రోల్స్ యాడ్‌తో పాపప్ రకం (లోపల ఉపమెనూ తెరిచే) కంట్రోల్ ఒకటి చేర్చి, దానికి క్యాప్షన్‌తో (తెర మీద కనిపించే పేరుతో) పాటు ట్యాగ్ కూడా ఇవ్వు. ట్యాగ్ తెర మీద కనిపించదు. నీ వస్తువును తరువాత నువ్వు గుర్తుపట్టడానికి వేసుకునే గుర్తు అది. ఆ పాపప్ లోపల ఒక్కో మాక్రోకు ఒక్కో బటన్ చేర్చి, క్యాప్షన్‌లో చూపించే పేరు, ఆన్‌యాక్షన్‌లో నడపవలసిన మాక్రో పేరు రాయి. ఆన్‌యాక్షన్‌లో మాక్రో పేరు ముందు నీ వర్క్‌బుక్ పేరును సింగిల్ కోట్ల మధ్య పెట్టి, ఆశ్చర్యార్థక గుర్తుతో కలపడం మంచిది. ఫైల్ పేరులో ఖాళీలున్నా, అదే పేరు గల మాక్రో ఇంకో ఫైల్‌లో తెరిచి ఉన్నా, అప్పుడు తికమక రాదు.

పాపప్ చేర్చేటప్పుడు టెంపరరీ అనే చోట ట్రూ అని తప్పక రాయి, ఎందుకంటే రాయకపోతే అది ఫాల్స్ కిందే లెక్క. నేను కొత్తగా నేర్చుకున్న రోజుల్లో ఆ మాట రాయలేదు, ముందుగా తీసే వరుసా పెట్టలేదు. ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఒక మెనూ చేరుతూ, వారం తిరిగేసరికి నాతో పనిచేసే ఒకరి తెర మీద నా మెనూ పేరు వరుసగా ఆరుసార్లు కనిపించింది. ఆ తరువాత ఫైల్‌ను వేరే ఫోల్డర్‌కు మార్చాం. మెనూలు అక్కడే మిగిలిపోయి, ఏది నొక్కినా ఫైల్ దొరకలేదన్న సందేశం రావడం మొదలైంది. అలాగని టెంపరరీ ఒక్కటే సరిపోతుందనుకోకు. అది మెనూను తీసేసేది ఎక్సెల్ మొత్తం మూసినప్పుడే గాని, నీ ఫైల్ మూసినప్పుడు కాదు. నీ ఫైల్ మూసి, ఎక్సెల్ తెరిచే ఉంటే మెనూ అలాగే ఉంటుంది; ఎవరైనా దాన్ని నొక్కితే మూసిన ఫైల్‌ను ఎక్సెల్ మళ్లీ తెరుస్తుంది.

తీసే ప్రొసీజర్‌లో నీ ట్యాగ్ ఉన్న కంట్రోల్‌ను ఫైండ్‌కంట్రోల్‌తో వెతికి డిలీట్ చెయ్యి, ఏమీ దొరకనంతవరకూ అదే పని మళ్లీ చేయించు. సెల్ బార్‌కు రీసెట్ అనే మాట ఒకటుంది; ఒక్క వరుసతో పని అయిపోతుంది కాబట్టి చాలామంది దాన్నే వాడతారు. నువ్వు మాత్రం వాడకు. అది నీ బటన్లతో పాటు ఇతరుల యాడ్-ఇన్‌లు (ఎక్సెల్‌కు జతచేసే అదనపు ప్రోగ్రాములు) ఆ మెనూలో చేర్చుకున్నవాటిని కూడా తుడిచేస్తుంది. ఒకసారి నా కోడ్‌లోని రీసెట్ వల్ల తోటి ఉద్యోగి ఎంతో కష్టపడి పెట్టుకున్న మెనూ రోజూ మాయమవుతూ వచ్చింది. తప్పు తన కోడ్‌లోనే ఉందనుకుని ఆయన రెండు రోజులు వెతుక్కున్నారు. ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను గాని, ఆ రెండు రోజులు తిరిగి ఇవ్వలేకపోయాను.

ఈ రెండు ప్రొసీజర్లను ఎప్పుడు పిలవాలన్నది తరువాతి ప్రశ్న. ఫైల్ తెరిచినప్పుడు పెట్టి, మూసే ముందు దానంతట అదే నడిచే బిఫోర్‌క్లోజ్‌లో తీసేయడం సహజంగా తోచే పద్ధతి, కాని అందులో ఒక చిక్కుంది. సేవ్ చేయాలా అని ఎక్సెల్ అడిగే ముందే బిఫోర్‌క్లోజ్ నడిచిపోతుంది. అప్పుడు వాడేవాళ్లు క్యాన్సిల్ నొక్కితే ఫైల్ తెరిచే ఉంటుంది, మెనూ మాత్రం పోయి ఉంటుంది. అందుకని దిస్‌వర్క్‌బుక్‌లో (ఫైల్ మొత్తానికి సంబంధించిన కోడ్ ఉండే చోట) ఫైల్ ముందుకొచ్చినప్పుడు నడిచే యాక్టివేట్ ఈవెంట్‌లో పెట్టి, వెనక్కు వెళ్లినప్పుడు నడిచే డీయాక్టివేట్‌లో తీసెయ్యి. నీ ఫైల్ ముందుకొచ్చినప్పుడే మెనూ ఉంటుంది కాబట్టి, పొరపాటున ఇంకొకరి ఫైల్ మీద నీ మాక్రో నడిచే ప్రమాదం కూడా తగ్గుతుంది. అన్ని ఫైళ్ల మీదా పనిచేయాల్సిన మాక్రోలైతే ఎక్స్ఎల్ఏఎం యాడ్-ఇన్‌గా సేవ్ చెయ్యి. యాడ్-ఇన్ మూసేటప్పుడు సేవ్ ప్రశ్న రాదు కాబట్టి అక్కడ ఓపెన్, బిఫోర్‌క్లోజ్ జంట చక్కగా సరిపోతుంది. కాకపోతే కోడ్‌లో దిస్‌వర్క్‌బుక్ అంటే యాడ్-ఇన్ అవుతుంది గనుక, వాడేవాళ్ల ఫైల్ కావలసిన ప్రతిచోటా యాక్టివ్‌వర్క్‌బుక్ అని మార్చాలి.

మెనూ పేర్లు తెలుగులో పెట్టాలనుందని రాశావు, చదివి సంతోషించాను. అయితే ఆ ఎడిటర్ యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే సంకేత పద్ధతి, ఎరుగదు. కోట్ల మధ్య తెలుగు అక్షరాలు అతికిస్తే ప్రశ్నార్థకాల వరుసగా మారిపోతాయి. దానికి విరుగుడు సులువే. ఒక షీట్‌ను మెనూ కోసమే కేటాయించి, మొదటి నిలువు వరుసలో తెలుగు పేరు, రెండోదానిలో మాక్రో పేరు, మూడోదానిలో ఆ అంశానికి ముందు గీత కావాలో వద్దో రాసి, ఆ షీట్‌ను దాచేసి, కోడ్ చేత ఒక్కో అడ్డు వరుసా చదివించి బటన్లు చేయించు. పేరు మార్చాలన్నా, కొత్త మాక్రో చేర్చాలన్నా తరువాత కోడ్ ముట్టుకునే అవసరమే ఉండదు.

అంశాల వరుస గురించి కూడా ఆలోచించు. మాక్రో ఒకసారి షీట్‌ను మారిస్తే అంతకుముందు చేసిన పనులకు కూడా అన్‌డూ దక్కదు. చెరిపేసే మాక్రోలను బిగిన్‌గ్రూప్‌తో గీత గీసి అడుగున వేరుగా ఉంచి, అవునా కాదా అని అడిగాకే నడిచేలా రాయి. నీ మెనూను రైట్ క్లిక్ జాబితాలో మొట్టమొదట పెట్టకు. కట్, కాపీలు ఉండే చోటు అందరి చేతులకూ అలవాటై ఉంటుంది.

ఫైల్‌ను ఎక్స్ఎల్ఎస్ఎంగా, అంటే మాక్రోలు ఉండగల ఫైల్ రకంగా, సేవ్ చేయడం మరిచిపోకు. మాక్రోలకు అనుమతి లేకపోతే నీ ఈవెంట్లేవీ నడవవు, మెనూ రాదు, ఎందుకు రాలేదో చెప్పేవాళ్లూ ఉండరు. అందుకని మొదటి షీట్‌లో ఆ మాట స్పష్టంగా రాసిపెట్టు. 2022 నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ఆఫీస్ మొదటే ఆపేస్తోంది. అలాగని భద్రతా సెట్టింగులు పూర్తిగా తగ్గించుకోమని ఎవరికీ చెప్పకు; ఒక ఫోల్డర్‌ను ట్రస్టెడ్ లొకేషన్‌గా, అంటే ఆఫీస్ నమ్మే చోటుగా, చేర్చుకుంటే చాలు.

మీవాళ్లలో కొందరు గూగుల్ షీట్స్ వాడతారన్నావు. అక్కడ యాప్స్ స్క్రిప్ట్‌లో (గూగుల్ షీట్స్‌కు కోడ్ రాసే సాధనంలో) ఆన్‌ఓపెన్ అనే ఫంక్షన్ రాసి, క్రియేట్‌మెనూ, యాడ్ఐటెమ్, యాడ్‌టూయూఐ అని మూడు మాటలు కలిపితే మెనూ వచ్చేస్తుంది, తెలుగు నేరుగా టైప్ చేయవచ్చు, ఫైల్‌తో పాటే మెనూ పోతుంది కాబట్టి తీసే బాధ లేదు. మొదటిసారి నొక్కినప్పుడు అనుమతి అడుగుతుందని మాత్రం వాళ్లకు ముందే చెప్పి ఉంచు.

అందరికీ ఇచ్చే ముందు ఒక పరీక్ష చెయ్యి. నీ ఫైల్‌తో పాటు ఇంకో ఖాళీ ఫైల్ తెరిచి, రెండింటి మధ్యా నాలుగైదు సార్లు అటూ ఇటూ మారి చూడు. నీ ఫైల్ మూయబోయి క్యాన్సిల్ నొక్కి చూడు. తరువాత నిజంగా మూసి, ఖాళీ ఫైల్‌లో రైట్ క్లిక్ చెయ్యి. ప్రతి అంశాన్నీ ఒక్కసారైనా నొక్కాలి, ఎందుకంటే మాక్రో పేరులో అక్షరం తప్పినా నొక్కేదాకా బయటపడదు. ఆ మెనూ షీట్ తయారవగానే నాకు పంపు, పేర్లు చదివి నాకు తోచింది రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న