కొత్తింటి హాల్లో పాట కోసం

బిడ్డా,

మిర్యాలగూడలో ఇల్లు పూర్తయిందని, హాల్లో మంచి మ్యూజిక్ సిస్టమ్ పెట్టుకోవాలనుందని రాశావు. చాలా సంతోషం. ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ తీసుకోవాలా, సౌండ్‌బార్ సరిపోతుందా అని అడిగావు. పాట వినడమే నీకు ముఖ్యమైతే ఆ రెండూ వద్దు. రెండు మంచి స్పీకర్లు, వాటికి తగిన ఒక స్టీరియో ఆంప్లిఫయర్ తీసుకో. పాటల రికార్డింగులు చాలావరకు ఎడమ, కుడి రెండు ఛానళ్లకే చేస్తారు. ఉన్న డబ్బును ఐదు డబ్బాలకు, లోతైన మోత కోసమే ఉండే ఒక సబ్‌ఊఫర్‌కు పంచితే ఒక్కోదానికి దక్కేది కొంచెమే. సౌండ్‌బార్ టీవీ వార్తలకు బాగానే ఉంటుంది కానీ, వీణ ఒక పక్క, మృదంగం ఇంకో పక్క కూర్చున్నట్టు వినిపించాలంటే స్పీకర్ల మధ్య ఎడం ఉండాల్సిందే. డబ్బులో సగానికి పైగా స్పీకర్ల మీదే పెట్టు.

ఇన్నేళ్లు నల్లగొండలో మైక్‌సెట్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసినవాణ్ణిగా ఒక మాట గట్టిగా చెప్తాను. మనిషి గొంతును సరిగ్గా పలికించేదే మంచి స్పీకర్. షాపుల్లో ఎక్కువగా బాస్, అంటే ఆ లోతైన మోత, వినిపించి అమ్ముతారు. ఛాతీ అదిరితే చాలు, మనవాళ్లు జేబులో చెయ్యి పెడతారు. అదే మోత ఇంట్లో నాలుగు రోజులు వింటే తలనొప్పి వస్తుంది. గొంతు సంగతి వేరు. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి, అందులో ఏ కాస్త తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. ముక్కుతో పాడినట్టు ఉన్నా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉన్నా ఆ జత వదిలెయ్. అది ఎంత పెద్ద కంపెనీదైనా సరే.

అందుకే షాపుకు నీ పాటలు నువ్వే తీసుకుపో. ఘంటసాల పాత పాట ఒకటి ఉండాలి. ఆ కాలపు సినిమా పాటలు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకే శబ్దం. సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు రెండింటి నడుమ ఒకే చోటి నుంచి రావాలి. అటూ ఇటూ చెదిరిందంటే వైరు తిరగబడి ఉండొచ్చు, లేదా ఆ రెండు స్పీకర్లు ఒకదానికొకటి జత కుదరలేదు. ఇంకొకటి కిన్నెర. మన పాలమూరు దిక్కు నుంచి దర్శనం మొగిలయ్య గారు 2022లో పద్మశ్రీ అందుకున్నారు కదా, ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వినిపించమను. తీగ మీటినప్పటి చురుకు, ఆ వెంటే ఎండు సొరకాయ బుర్రల్లోంచి వచ్చే గుమ్మదనం, రెండూ విడివిడిగా తెలియాలి. చురుకు తగ్గితే ట్వీటర్, అంటే సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకర్, మందంగా ఉన్నట్టు. బుర్ర నాదం లేకపోతే ఆ ఊఫర్‌తో, అంటే లావు శబ్దాలు పలికించే పెద్ద స్పీకర్‌తో, నీకు తృప్తి ఉండదు. డప్పు కూడా విను. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినిపించాలి, ఒకదాని మీద ఒకటి పడి ముద్ద కావద్దు. వాట్సాప్‌లో వచ్చిన పాటలు మాత్రం పట్టుకుపోకు. సీడీ నుంచి తీసినవి, లేదంటే కనీసం 320 కేబీపీఎస్ నాణ్యత ఉన్నవి పెన్‌డ్రైవ్‌లో వేసుకో.

రెండు జతలను పోల్చేటప్పుడు రెండింటి సౌండూ సమానంగా పెట్టించు. ఏ కొంచెం గట్టిగా మోగినా అదే బాగుందనిపిస్తుంది. మన చెవి గుణమే అంత. కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, కనెక్టర్లు, విడిభాగాలు దొరుకుతాయి. స్పీకర్లు మాత్రం తలుపు వేసి, కూర్చోబెట్టి, తీరికగా వినిపించే షాపులోనే కొను.

అల్లుడు వాట్స్ ఎక్కువ కావాలంటున్నాడని రాశావు. డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని వేల అంకె ఉంటే దాన్ని పట్టించుకోవద్దు. ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్, ఎంతో చూడండి. స్పీకర్ సెన్సిటివిటీ అని ఇంకో అంకె ఉంటుంది, ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది చెప్తుంది. 87 ఉన్నదానికీ 90 ఉన్నదానికీ తేడా మూడే అనిపిస్తుంది కానీ, ఆ మూడు కోసం ఆంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి. మీ హాలుకు ఒక్కో ఛానల్‌కు 40, 50 వాట్స్ ఆర్ఎంఎస్ ధారాళంగా సరిపోతుంది. ఓమ్స్, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, కూడా సరిచూసుకోండి. ఎనిమిది ఓమ్స్‌కు తగ్గకూడదని రాసి ఉన్న ఆంప్లిఫయర్‌కు నాలుగు ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే అది వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అసలు సంగతి, మీ హాలు. పైన స్లాబు, కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, పెద్ద అద్దాల కిటికీలు. మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడు. చప్పుడు ఆగాక కూడా గోడల మధ్య కీచుమని తిరుగుతుంటే, ఎంత ఖరీదైన స్పీకర్ తెచ్చినా గొంతు చెదిరిపోతుంది. సామాను కొనకముందే మందపాటి కర్టెన్లు వేయించు. స్పీకర్లకూ నువ్వు కూర్చునే చోటికీ మధ్య జంపఖానా పరువు. గుడ్డ సోఫా, పుస్తకాల అర ఉంటే ఇంకా మేలు. గోడకు కోడిగుడ్ల ట్రేలు అంటించమని ఎవరైనా చెప్తే వినకు, వాటితో పెద్దగా ఒరిగేది లేదు.

రెండు స్పీకర్ల మధ్య ఆరేడు అడుగులు, నువ్వు కూర్చునేది కూడా వాటి నుంచి అంతే దూరంలో. ట్వీటర్ నీ చెవి ఎత్తులో ఉండాలి. గోడకు కనీసం అడుగు ఎడం ఉంచు. మూలకు నెట్టితే బాస్ ఉబ్బిపోయి పాటను కప్పేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉందని చాలామంది షోకేస్ అరలో పెడతారు. దయచేసి ఆ పని చేయకు. ఆ అర చెక్కంతా స్పీకర్‌తో పాటు మోగుతుంది.

వైరుకు ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం అసలు రాగి వైరు మీ హాలుకు చాలు. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు తగిలించాలి. ఒక స్పీకర్‌కు తారుమారైతే బాస్ మాయమై, గొంతు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా పోతుంది.

కరెంటు విషయంలో జాగ్రత్త. ఇన్వర్టర్ ఇంకా కొనలేదన్నావు కాబట్టి సైన్ వేవ్ రకమే తీసుకో. స్క్వేర్ వేవ్ దాని మీద నడిపితే ఆంప్లిఫయర్‌లో గుయ్‌మని మోత వస్తుంది. ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు సరిగ్గా వేశారా అని మేస్త్రీని అడుగు. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలి. ఉరుములు మొదలయ్యాయంటే స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకెయ్. పక్కనే రైస్ మిల్లులున్నాయి, ఊక దుమ్ము తప్పదు. స్పీకర్ల ముందున్న గుడ్డ జాలీ తీయకుండా వాడు.

పాతవి చవగ్గా వస్తున్నాయని ఎవరైనా అంటే ఊఫర్ చుట్టూ ఉన్న అంచు చూడు. రబ్బరైతే సరే. ఫోమ్ అయితే మన వేడికి పొడిపొడిగా రాలుతుంది, అది మార్పించాల్సి వస్తుంది.

నచ్చిన జత పేరు, ఆంప్లిఫయర్ పేరు నాకు ఫోన్ చేసి చెప్పు, ఓమ్స్ కుదిరాయో లేదో చూసి చెప్తాను. సామాను వచ్చాక ఒక ఆదివారం వచ్చి నేనే వైర్లు కలుపుతాను. ఈలోగా టీవీ కింద వడ్రంగి చేస్తున్న ఆ పెట్టెకు వెనక పలక బిగించొద్దని చెప్పు. మన నల్లగొండ ఎండల్లో ఆంప్లిఫయర్‌కు పైనా వెనకా గాలి ఆడాలి.

మీ పెదనాన్న