అమ్మకు అల్జీమర్స్ వస్తే పిల్లలకూ వస్తుందా?

మీ అమ్మగారికి 72వ ఏట అల్జీమర్స్ అని తేలిందని, 41 ఏళ్ల వయసులో మీరు జన్యు పరీక్ష చేయించుకోవడం మంచిదేనా అని అడిగారు. ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ తలెత్తింది కనుక రాస్తున్నాను. ఏటా ధనుర్మాసంలో పదిహేను చుక్కల ముగ్గును అలవోకగా వేసే మా అమ్మ, 74వ ఏట ఒక తెల్లవారుజామున చుక్కలన్నీ వరసగా పెట్టి, వాటిని ఎలా కలపాలో తోచక పిడికిట్లో పిండితో అలాగే నిలబడిపోయింది.

ముందుగా చూడవలసింది జబ్బు మొదలైన వయసు. ఏపీపీ, ప్రెసెనిలిన్-1, ప్రెసెనిలిన్-2 అనే మూడు జన్యువుల్లో వ్యాధికారక మార్పు ఏదైనా తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా జబ్బు దాదాపు ఖాయం. అయితే అటువంటి రోగులు నూటికి ఒక్కరు కూడా ఉండరు, వారిలో జబ్బు సాధారణంగా 65 ఏళ్లలోపే బయటపడుతుంది. కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో ప్రెసెనిలిన్-1 మార్పు ఉన్న ఒక పెద్ద వంశంలో నలభైల్లోనే మతిమరుపు మొదలవుతుంది. అంత బలమైన మార్పు ఉండి కూడా ఆ వంశంలోని ఒక మహిళకు డెబ్బైల దాకా జ్ఞాపకశక్తి నిలిచిందని, ఏపీఓఈ జన్యువులోని క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు ఆమెను కాపాడి ఉండవచ్చని 2019లో పరిశోధకులు వెల్లడించారు. ఆ సంగతి చదివిన రోజు నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

65 దాటాక జబ్బు బయటపడిన మన అమ్మల వంటి వారి విషయంలో ప్రధానంగా చెప్పుకునేది ఆ ఏపీఓఈ జన్యువే. అందులో ఈ2, ఈ3, ఈ4 అనే రూపాలున్నాయి; తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మనకు రెండు వస్తాయి. ఈ4 ఒకటి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండూ అవే అయితే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు పెరుగుతుందని అంచనా; ఈ2 ముప్పును తగ్గిస్తుంది. ఈ లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతివారిపై జరిగిన అధ్యయనాలవని మరవకూడదు.

అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు ఎవరినీ సంప్రదించకుండా ఇంటికే తెప్పించుకున్న కిట్‌తో పరీక్ష చేసుకున్నాడు. ఒక ఈ4 ఉందని తెలియగానే ఫోన్ చేసి, "అక్కా, నాకూ వచ్చేసినట్టేనా?" అని ఏడ్చాడు. ఒక ఈ4 ఉన్నవారిలో చాలామందికి ఈ జబ్బు రాదని, ఈ4 లేనివారికీ రావచ్చని జన్యు సలహాదారు విడమరచి చెప్పేదాకా వాడికి నిద్ర పట్టలేదు.

అందుకే సలహాదారుతో మాట్లాడకుండా పరీక్షకు వెళ్లవద్దని నా మనవి. అల్జీమర్స్ తొలిదశలో ఇచ్చే లెకానెమాబ్ వంటి మందు మొదలుపెట్టాలనుకుంటే మాత్రం మీ అమ్మగారికి ఏపీఓఈ పరీక్ష చేయించడం మంచిది, ఎందుకంటే ఆ మందు వాడినప్పుడు రెండు ఈ4లు ఉన్నవారిలో మెదడు వాపు, రక్తస్రావం ఎక్కువగా కనిపించాయి. నేను పరీక్ష చేయించుకోలేదు. దానికి బదులు ముప్పు తగ్గించుకోవడానికి నా చేతిలో ఉన్నవి చేస్తున్నాను: బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉంచుకుంటూ, వినికిడి తగ్గిందని తెలిసిన వెంటనే చెవికి యంత్రం పెట్టించుకున్నాను.