కుళాయి దగ్గర రెండు లైన్లు

వడపళని, చెన్నై

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మీరు ముగ్గురూ సొంత డబ్బుతో వేస్తున్న సంకలనానికి ప్రచారాన్నే ఇతివృత్తంగా తీసుకున్నారని విని చాలా సంతోషించాను. ప్రకటనల మీద బతికే పత్రికలు ఈ విషయం జోలికి అంత తేలిగ్గా రావు. ఎవరి జీతమూ తీసుకోని మీలాంటివాళ్ళే రాయాలి. అందుకే నాకు నచ్చనిది దాచుకోకుండా చెప్తున్నాను.

నీ కథలో మంత్రి ఒక గదిలో కూర్చుని అబద్ధాలు తయారుచేస్తాడు. బయట జనం చప్పట్లు కొడతారు. మంత్రికి పేరుంది, ఊతపదం ఉంది, రాత్రి నిద్రపట్టని జబ్బు కూడా ఉంది. జనానికి మాత్రం ఏమీ లేదు. పన్నెండు పేజీల్లో ఒక్క మనిషికి కూడా పేరు పెట్టలేదు నువ్వు. ఆ గుంపులో నువ్వు లేవు, నేను లేను, చదివేవాడూ లేడు. అందుకని చదివేవాడికి ఏ ఇబ్బందీ కలగదు. "పాపం, ఎంత అమాయకులో" అనుకుని పక్కన పెట్టేస్తాడు.

ముందు నువ్వు నమ్మిన ప్రచారం గురించి రాయి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. నాది చెప్తాను, విను.

1973లో రద్దయిన మద్రాసు కార్పొరేషన్ కౌన్సిల్‌కి మళ్ళీ 1996లో ఎన్నికలు వచ్చాయి. అప్పుడు నాకు 27 ఏళ్ళు. మేం కొరుక్కుపేటలో ఉండేవాళ్ళం. వీధిలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవి, సగం తమిళులవి. తెలుగు ఓట్ల కోసం ఒక కరపత్రం రాసిపెట్టమని ఒక అభ్యర్థి మనుషులు మా ఇంటికి వచ్చారు. అప్పటికి నావి రెండు కథలు అచ్చయ్యాయి, కాబట్టి వీధికి నేనే రచయిత్రిని. డబ్బు కోసం రాశానని చెప్పుకుంటే నాకు తేలిక. కానీ కాదు, నమ్మే రాశాను. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది: "మన కుళాయి దగ్గర మనకే చోటు లేదు."

అది అబద్ధమైతే నాకింత బాధ ఉండేది కాదు. ఒకరోజు నీళ్ళ దగ్గర మా అమ్మ బిందెని ఎవరో పక్కకి నెట్టారు. అది నిజంగా జరిగింది. కానీ అమ్మకి టైఫాయిడ్ వచ్చిన నెల రోజులూ మా బిందెలు నింపి గుమ్మంలో పెట్టింది ఎదురింటి తమిళావిడ. అదీ నిజమే. నేను మొదటి నిజాన్ని రాసి, రెండోదాన్ని వదిలేశాను. ఒక్క రోజు జరిగినదాన్ని రోజూ జరిగేదానిలా రాశాను. ఆటోకి మైకు కట్టి నా వాక్యాన్ని వీధి వీధికీ తిప్పారు. వారం తిరక్కుండానే కుళాయి దగ్గర రెండు లైన్లు వెలిశాయి, ఒకటి మాది, ఒకటి వాళ్ళది. ఆ అభ్యర్థి ఓడిపోయాడు. లైన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎదురింటావిడ మా గుమ్మం వైపు చూడడం మానేసింది.

నీ మంత్రి లోపల ఇది లేదు, తమ్ముడూ. పగలూ రాత్రీ అబద్ధమని తెలిసే అబద్ధం చెప్పే మనిషి ఉంటే ఉండొచ్చు, కానీ కథకి అతను పెద్దగా పనికిరాడు. సగం నిజం చేత పట్టుకుని, మంచి పని చేస్తున్నాననుకుంటూ రాసే మనిషిని పట్టుకో.

ఇక "మన" అనే మాట. తెలుగులో మనకి "మా" వేరు, "మన" వేరు. "మా ఊరు" అంటే వినేవాడు బయటివాడు. "మన ఊరు" అనగానే వాడు కూడా లోపలికి వచ్చేస్తాడు. ఇంత చిన్న మాటకి అంత బలం ఉంది. అందుకే ప్రచారానికి ఎప్పుడూ "మన" కావాలి, "మా"తో దానికి పని జరగదు. తెలుగువాళ్ళకి వేరే రాష్ట్రం అడుగుతున్న రోజుల్లో ఈ ఊళ్ళో మన పెద్దలు "మద్రాసు మనదే" అని గోడల మీద రాశారు. అవతల తమిళ నాయకుడు మా.పో.సి. గారు తల ఇచ్చైనా తలనగరాన్ని, అంటే రాజధానిని, కాపాడుకుంటామన్నారు. ఆ గోలలోనే మైలాపూరులో ఒక ఇంట్లో పొట్టి శ్రీరాములు 58 రోజులు తిండి మాని, 1952 డిసెంబర్ 15న కన్నుమూశారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. ఆ త్యాగాన్ని నేను తక్కువ చేయను, ఆయన పేరు వింటే ఇప్పటికీ నా కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ "మన"లో పక్కింటి తమిళుడు ఉన్నాడా? మరునాడు పాలు పోయించుకోవడానికి, పిల్లని బడికి పంపడానికి ఆ రెండు ఇళ్ళవాళ్ళూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారు? ఆ కథ నాకు ఎక్కడా కనపడలేదు. మీ సంకలనంలో ఎవరైనా రాస్తే బాగుండునని నా ఆశ.

బొమ్మలు వేసే మీ స్నేహితురాలికి కూడా ఒక మాట. ఆమె పంపిన చిత్తుప్రతిలో ఎర్ర రంగు, బిగించిన పిడికిలి, కోణాలుగా కోసిన మొహాలు ఉన్నాయి. బాగా వేసింది, కాదనను. కానీ అది వందేళ్ళ కిందటి రష్యా పోస్టరు. మన కళ్ళ ముందున్న గోడల్ని చూడమను. 1967 జనవరి 12న తమిళ సినిమా హీరో ఎం.జి.ఆర్. మీద కాల్పులు జరిగాయి. మెడకి కట్టుతో ఉన్న ఆయన బొమ్మ పోస్టర్లుగా ఊరంతా వెలిసింది. ఆసుపత్రిలో ఉండగానే ఎమ్మెల్యేగా గెలిచారు, ఆయన పార్టీ డి.ఎం.కె. మొదటిసారి అధికారంలోకి వచ్చింది. ఆ పోస్టర్లో పిడికిలి లేదు, కత్తి లేదు. ఉన్నదల్లా ఒక దెబ్బ తిన్న మనిషి. చూసినవాళ్ళకి కోపం కన్నా ముందు జాలి కలిగి ఉంటుంది. ఆమె వెయ్యాల్సింది ఆ జాలిని, దాని దారిన ఓటు ఎలా నడిచి వచ్చిందో దాన్ని.

దీనికి రెండేళ్ళ ముందు సంగతి ఇంకొకటి ఉంది, నేను ఎక్కువగా తలచుకునేది అదే. 1964లో తెలుగులో "రాముడు భీముడు" వచ్చింది. కవల అన్నదమ్ములు, ఒకడు బావ కొరడాకి వణికే పిరికివాడు, ఇంకొకడు ఆ కొరడా లాక్కునేవాడు. 1965 సంక్రాంతికి అదే కథని అదే దర్శకుడు తాపీ చాణక్య తమిళంలో "ఎంగ వీట్టు పిళ్ళై"గా తీశారు. తీసిన విజయా సంస్థ కూడా మనవాళ్ళదే. తెలుగులో ఎన్.టి.ఆర్. చేతిలో కొరడా ఒక ఇంట్లోని దుర్మార్గుణ్ణి కొట్టే కొరడా, అంతే. హాల్లో జనం ఈల వేసి ఇంటికి వెళ్ళారు. తమిళంలో ఎం.జి.ఆర్. చేతికి వచ్చేసరికి అదే కొరడా రేపటి పాలకుడి చేతిలో దండం అయింది. కొరడా పట్టుకుని పాడే పాటలో ఆయన తాను ఆజ్ఞాపిస్తే ఏమవుతుందో చెప్తుంటే, జనం దాన్ని సినిమాగా వినలేదు. పన్నెండేళ్ళకి, 1977లో, ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

కథ మారలేదు, దర్శకుడు మారలేదు. మారింది హాల్లో కూర్చుని చూసే మనిషి. అతనికి అప్పటికే ఒక ఎదురుచూపు ఉంది, కొరడా దానికి సరిపోయింది. ప్రచారం తెర మీద సగమే తయారవుతుంది, మిగతా సగం చూసేవాడు తన ఇంటి నుంచి తెచ్చుకుంటాడు. నీ కథలో జనం ఇంటి నుంచి ఏం తెచ్చుకున్నారు? అప్పులా? ఉద్యోగం రాని కొడుకు మీద బెంగా? అదేంటో తెలిస్తే వాళ్ళకి పేర్లు వాటంతట అవే వస్తాయి.

ప్రచారం అంటేనే తిట్టు అనుకోవద్దు. ఎదుటివాడు చేస్తే దుష్ప్రచారం, మనం చేస్తే ప్రచారం, ఈ మాటల తేడా కూడా గమనించదగ్గదే. కమ్యూనిస్టుల కళాబృందం ప్రజానాట్యమండలి వాళ్ళు బుర్రకథని రాజకీయం చెప్పడానికే వాడుకున్నారు. అది ప్రచారం కాదని వాళ్ళూ అనలేదు. ఇటు బ్రిటిష్‌వాళ్ళు, అటు నిజాం దాన్ని నిషేధించారంటే ఎంత పని చేసిందో ఊహించుకో. కానీ ఆ రూపాన్ని చూడు. కథకుడు ఆవేశంగా చెప్పుకుపోతుంటే పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు రాజకీయం చెప్తారు, ఇంకొకరు హాస్యం చెప్తారు. హాస్యగాడు మధ్యలో అడ్డుపడి, తెలియనట్టు ప్రశ్న వేస్తాడు, కథకుడు ఆగి జవాబు చెప్పాలి. నమ్మించే వేదిక మీదే అడిగేవాడికి కూడా చోటు పెట్టారు మన పల్లెల కళాకారులు. ఆటోకి కట్టిన మైకు పక్కన ఆ హాస్యగాడు లేడు. ఆరోజు నా కరపత్రం పక్కన ఎవరైనా నిలబడి "మరి టైఫాయిడ్ అప్పుడు నీళ్ళు పోసిందెవరమ్మా?" అని అడిగి ఉంటే! నీ కథలోకి అలాంటి మనిషిని ఒకణ్ణి తీసుకురా. వాడు గెలవక్కర్లేదు. అడిగితే చాలు.

ఒక అలవాటు చేసుకో. మాటల్ని రాసిపెట్టుకో. జర్మనీలో విక్టర్ క్లెంపరర్ అనే యూదు ఆచార్యుడు హిట్లర్ రోజుల్లో ఉద్యోగం పోగొట్టుకుని, డ్రెస్డెన్‌లో భయంభయంగా బతుకుతూ, నాజీలు వాడే మాటల్ని డైరీలో ఎక్కించుకున్నాడు. దొరికితే ప్రాణానికే ముప్పు. మూర్ఖంగా, వెర్రిగా నమ్మడం అనే అర్థమున్న మాట ఎలా మెచ్చుకోలుగా మారిపోయిందో ఆయన పట్టుకున్నాడు. 1947లో దాన్ని పుస్తకంగా వేశాడు. మన ఊళ్ళో ఒక మాట దీనికి తిరగబడి నడిచింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి మద్రాసు మీద గుళ్ళు కురిపించి, చమురు ట్యాంకులు తగలబెట్టింది. శత్రువు ఓడే అయినా, తమిళంలో గడుసువాణ్ణి, గట్టివాణ్ణి ఇప్పటికీ "ఎమ్డెన్" అంటారు. ఏ ప్రభుత్వమూ నేర్పని మాట అది. నీ ఫోనులో రోజూ వచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌ల నుంచి ఇలాంటి మాటలు ఏరుకో, తేదీ వేసి రాసుకో. ఆరు నెలల తర్వాత తిరిగి చదువు. కొన్ని నీ నోట్లోకి కూడా వచ్చేసి ఉంటాయి. నీ అసలు కథ అక్కడ దొరుకుతుందేమో చూడు.

మంత్రి గదిని తీసేయమని అనడం లేదు. ఆ గది తలుపు దగ్గర స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు ఒకడున్నాడు చూడు, ఐదో పేజీలో రెండు వాక్యాల్లో వదిలేశావు. కథ వాడిది. టెన్షన్ పడకు, చిత్తుప్రతి ఎన్నిసార్లు మారినా నష్టం లేదు. వచ్చే ఆదివారం మీ స్నేహితురాలిని కూడా తీసుకుని మెట్రోలో రండి.

1996 నాటి ఆ కరపత్రం కాపీ ఒకటి నా దగ్గర ఉంది, పసుపుపచ్చబడి మడతల దగ్గర చిరిగింది. జిరాక్సు తీయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ సంకలనంలో వేసుకోండి. అచ్చులో నా పేరు లేదు, అప్పుడు పెట్టలేదు. ఇప్పుడు పెట్టండి.

మీ అక్క