మెడిసిన్ మధ్యలో ఇంకో డిగ్రీ... ఏడాది పోయినట్టేనా?

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఐదేళ్ల మెడిసిన్‌లో మూడో ఏడాది చదువుతోంది. ఇప్పుడు ఏడాది ఆగి, మానవ పునరుత్పత్తి శాస్త్రంలో బీఎస్సీ చేసి వస్తానంటోంది. తోటివాళ్లకంటే వెనకబడదా?
- ఒక తండ్రి

జవాబు: మీ బెంగ అర్థమైందండీ. అక్కడ దీన్ని ఇంటర్‌కలేషన్ అంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ, యూసీఎల్‌ (యూనివర్సిటీ కాలేజ్ లండన్) ఆరేళ్ల కోర్సుల్లో ఇది తప్పనిసరి. మిగతా చోట్ల ఇష్టమైనవాళ్లు చేస్తారు.

ఫౌండేషన్ ఉద్యోగానికి (మెడిసిన్ అయ్యాక కొత్త డాక్టర్లు చేసే తొలి రెండేళ్ల ఉద్యోగం) పాయింట్లొస్తాయని మాత్రం చేరనివ్వకండి. అదనపు డిగ్రీకి ఇచ్చే ఆ పాయింట్లను 2023లో ఉద్యోగంలో చేరిన బ్యాచ్ నుంచే తీసేశారు. సీనియర్లు ఇంకా పాత మాటే చెబుతుంటారు.

డబ్బు సంగతి మీరు అనుకునేంత భారం కాకపోవచ్చు. ఇంగ్లండ్‌లో హోమ్ స్టూడెంట్‌కి (స్థానికుల ఫీజు వర్తించే విద్యార్థికి) ఐదో ఏడాది చదువు నుంచి ట్యూషన్ ఫీజును ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఇచ్చే ఆర్థిక సాయం, కడుతుంది. ఈ అదనపు ఏడాది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అంటే మూడో ఏడాది తర్వాత వెళ్తే, తిరిగొచ్చాక మిగిలిన రెండేళ్ల ఫీజూ బర్సరీలోకి వెళ్తుంది. కాకపోతే ఆ రెండేళ్లూ ఖర్చుల కోసం ఇచ్చే లోన్ తగ్గుతుంది. అద్దె, తిండి లెక్క ముందే వేసుకోండి. యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసులో మీ అమ్మాయి పేరు మీద ఒకసారి ఖరారు చేసుకోండి.

ఇక అసలు విషయం. 1978లో ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టిందంటే, శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, డాక్టర్ స్టెప్టో, ల్యాబ్ చూసుకున్న నర్సు జీన్ పర్డీ కలిసి పనిచేయబట్టే. ల్యాబ్ తెలియని డాక్టర్ ఈ రంగంలో సగమే చూస్తారని నా నమ్మకం. నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి ఆ ఏడాది మైక్రోస్కోప్ ముందు వీర్యకణాలు లెక్కపెట్టింది. నమూనాను రెండుసార్లు చూడాలి, ప్రతిసారీ కనీసం 200 కణాలు. రెండు లెక్కలకీ పొంతన కుదరకపోతే మళ్లీ మొదటికే. మెడ పట్టేసేదట. కానీ సంతానం లేని దంపతుల చేతిలోని రిపోర్టులో అంకెను ఎంతవరకు నమ్మాలో తనకిప్పుడు బాగా తెలుసు.

గైనకాలజీ ట్రైనింగే ఏడేళ్లు. అంత దారిలో ఈ ఏడాదిని నేను నష్టం కింద రాయను. అయితే కోర్సు పేరు చూసి కాదు, ప్రాజెక్టు చూసి ఎంచుకోమనండి. ఏ ప్రశ్న మీద పని చేస్తావని మీరే అడగండి. జవాబు తడబడితే, గైడ్‌గా ఉండే ప్రొఫెసర్‌కి ఈ వారమే మెయిల్ రాసి, గతేడాది విద్యార్థులు చేసిన ప్రాజెక్టుల జాబితా తెప్పించుకోమనండి.