కంటికి బదులు చెవి మీద పడే ఫోకస్: 85 ఎం.ఎం. లెన్సుకు ఏఎఫ్ ఫైన్ ట్యూన్

నికాన్ డి750కి 85 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు తగిలించి పెళ్లికూతురి కంటి మీద ఫోకస్ పెడితే కన్ను మసకబారి చెవి కమ్మ స్పష్టంగా వస్తోందనీ, ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌లో (ఆటోఫోకస్‌ను ప్లస్, మైనస్ అంకెలతో కాస్త వెనక్కో ముందుకో జరిపే కెమెరా సెట్టింగు) ఎంత పెట్టాలనీ మీరు అడిగారు. ఆ అంకె మీ కెమెరాలోనే తేలాలి. నాదీ ఇదే జోడీ. తిరుచానూరు పెళ్లిళ్లలో ఎక్కువగా దీనితోనే పని చేస్తాను. నాకు ప్లస్ వైపు కుదిరింది. చిత్తూరులో ఇదే బాడీ, ఇదే లెన్సు వాడే మిత్రుడికి మైనస్ వైపు కుదిరింది.

వ్యూఫైండర్‌లో చూస్తూ ఫోకస్ చేసినప్పుడు వెలుగు ప్రధాన అద్దాన్ని దాటి, దాని వెనకున్న చిన్న అద్దం మీద పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు చేరుతుంది. ఫొటో మాత్రం వెనకున్న మరో సెన్సర్ మీద పడుతుంది. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతుంది. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు, ఫొటో తీసే సెన్సరే ఫోకస్‌నూ తేలుస్తుంది కనుక ఈ తేడా రాదు. అందువల్ల ముందుగా కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, ఒకే వస్తువును రెండు విధాలా తీసి పోల్చండి. లైవ్ వ్యూ ఫొటో పదునుగా ఉండి, వ్యూఫైండర్ ఫొటోలో ఫోకస్ ప్రతిసారీ వెనక్కే పడుతుంటే ఫైన్ ట్యూన్ పనికొస్తుంది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పడుతుంటే ఏ అంకే దాన్ని సరిచేయదు. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. తలంబ్రాలు పోసేటప్పుడు పెళ్లికూతురు కాస్త ముందుకు వంగినా కన్ను ఆ లోతు దాటిపోతుంది.

పరీక్షకు నేను వాడేది గోడ క్యాలెండర్. దానిలోని పెద్ద నల్లటి తేదీ అంకెల అంచులను ఫోకస్ సెన్సర్ తేలిగ్గా పట్టుకుంటుంది. క్యాలెండర్‌ను కెమెరాకు సూటిగా ఎదురుగా నిలబెట్టి, దాని పక్కనే ఒక పొడవాటి స్టీలు స్కేలును ఏటవాలుగా, మధ్య గీత సరిగ్గా క్యాలెండర్ తలంలో ఉండేలా అమర్చండి. ఫోకస్ తేదీ అంకె మీదే పెట్టాలి, స్కేలు మీద పెట్టకూడదు; ఎందుకంటే వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న గడి కన్నా సెన్సర్ చూసే మేర పెద్దది, ఏటవాలు స్కేలు మీద అది ఏ గీతను పట్టిందో తెలియదు. అపర్చర్ ఎఫ్/1.8 వద్దే ఉంచి, ప్రతి ఫొటోకు ముందు ఫోకస్ రింగును అనంతం వైపు తిప్పి, మళ్లీ ఫోకస్ చేయించండి. ఒక్క ఫొటోతో తీర్పు చెప్పకుండా, వరుసగా కొన్ని తీసి ఎక్కువవాటిలో ఏ గీత పదునుగా ఉందో చూడండి.

ప్లస్ ఫోకస్‌ను కెమెరాకు దూరంగా, మైనస్ దగ్గరగా జరుపుతుంది. మీకు వెనక్కి పడుతోంది కనుక మైనస్ వైపు ముందు ఐదేసి చొప్పున జరిపి, దగ్గరికి వచ్చాక ఒక్కొక్కటిగా సరిచూడండి. దూరం విషయంలో ఫోకల్ లెంగ్త్‌కు (ఇక్కడ 85 ఎం.ఎం.) 25 నుంచి 50 రెట్లు అని చెబుతుంటారు, అంటే మీ లెన్సుకు సుమారు 2.1 నుంచి 4.25 మీటర్లు. అందులో మీరు మండపంలో నిజంగా నిలబడే దూరాన్నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తేడా అన్ని దూరాల్లో ఒకేలా ఉండదు. పరీక్ష వరండాలో పగటి వెలుగులో చేసినా, వెలుగు రంగును బట్టి ఫోకస్ కొంత జరిగే అవకాశం ఉంది కాబట్టి మండపం దీపాల కింద కూడా ఒకసారి చూసుకోండి.

సెటప్ మెనూలో విలువను ఆ లెన్సుకు మాత్రమే భద్రపరచండి. విడిగా విలువ భద్రపరచని లెన్సులకు వర్తించే డిఫాల్ట్‌ను సున్నా దగ్గరే ఉంచండి. ఈ బాడీ ఒక్కో లెన్సు రకానికి ఒక్క విలువనే గుర్తుంచుకుంటుంది కనుక, మీ స్టూడియోలో ఇలాంటి 85లు రెండుంటే రెండింటికీ అదే వర్తిస్తుంది. ఒకదానిపై గుర్తు వేసి దాన్నే ఈ బాడీకి వాడండి. జూమ్ లెన్సులకూ ఇందులో ఒకే విలువ. నా 70-200ను, జూ పార్కులో పక్షులకే ఎక్కువగా వాడతాను కాబట్టి, 200 దగ్గర సరిచేసుకున్నాను.

మైనస్ 20 దాకా వెళ్లినా ఫోకస్ ఇంకా వెనకే పడుతుంటే బాడీనీ లెన్సునూ కలిపి సర్వీసుకు ఇవ్వండి. తిరిగి వచ్చాక పాత విలువను సున్నా చేసి మళ్లీ మొదటి నుంచి పరీక్షించండి.