వినిపించని మొగుడి గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. భాష బాగుంది. అయితే భార్య ‘సంతకి వెళ్తారా’ అని అడిగితే భర్త పలకకపోవడానికి ‘మగవాడు సగం మెదడుతోనే వింటాడు’ అని కారణం చెప్పావే, ఆ వాక్యం మీద వచ్చిన చిరాకే ఈ ఉత్తరం రాయిస్తున్నది. నువ్వు అడిగిన ముందుమాట సంగతి తరవాత చూద్దాం.

ఆ మాట పుట్టుక నాకు తెలుసు. 2000లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వారు 10 మంది పురుషులకూ 10 మంది స్త్రీలకూ ఒక నవలాభాగం వినిపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, పురుషుల్లో ఎక్కువమందికి ఎడమ కణత వైపునే, స్త్రీలకు రెండు వైపులా చురుకు కనిపించింది. అందువల్ల మగవారు తక్కువ వింటారని ఆ పరిశోధకులు అనలేదు. పైగా 2004లో ఇలాంటి పరిశోధనలన్నింటినీ కలిపి లెక్కగట్టినప్పుడు, భాష విషయంలో ఈ ఎడమ కుడుల తేడా నిలబడనే లేదు. తేడాలే లేవనను, లోపలి చెవి తనంత తానుగా పుట్టించే అతి సన్నని ధ్వనులు సగటున స్త్రీలలో బలంగా ఉంటాయి. కానీ సగటును తెచ్చి ఒక పాత్ర నెత్తిన రుద్దడం కథకుడి పని కాదు.

పాత్రకు మాట ఎందుకు అందలేదో దాని బతుకులోనే వెతకాలన్నది నా మొండిపట్టు. ఇతడు మండపేట రైసుమిల్లులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాడని మొదటి పేజీలో రాసినవాడివి నువ్వే కదా! అలాంటి మిల్లులోనే నేను గుమాస్తాగా లెక్కలు రాస్తూ, ఊక దుమ్ములో కూర్చుని కథలు రాసుకున్నాను. వడ్ల పొట్టు తీసే హల్లరు యంత్రాల దగ్గర ముసలివాళ్ళకు మేస్త్రీ బొంగురు కేక అందేది, మనవరాలి మాట అందేది కాదు. దాని మీద కథ రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు ‘మనస్తత్వ విశ్లేషణ లేద’ని తిప్పి పంపాడు, అప్పట్లో అదే ఫ్యాషను, ఇప్పుడు దాని స్థానంలోకి మెదడు వచ్చింది.

మిల్లు మోత దెబ్బ ముందుగా తగిలేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నని కీచు ధ్వనుల, వినికిడికే. అప్పుడు గొంతు వినిపిస్తుంది గానీ స, శ, త వంటి హల్లులు చెదిరిపోయి, మాట తెలియదు. నీ కథలో భార్య అడిగిన రెండు మాటల్లో ‘సంత’ అన్నదే అతనికి చేరలేదన్నమాట. ఆమె గట్టిగా అరిచినా పెరిగేది ఎక్కువగా అచ్చుల బలమే, హల్లులది కాదు. అందుకని తనను తిడుతున్నదనుకుంటాడు. ఆ సన్నివేశాన్ని అక్కడినుంచి తిరగరాసి, మెదడు వాక్యం కొట్టేసి, అట్లతద్ది లోగా అమలాపురం చిరునామాకు పంపించు.